కంచరగాడిదల బాట నుండి సైకిలు బాట దాకా: పొటోమాక్ కాలువ గట్టు చరిత్ర



వ్యాయామం గురించి నేను ఎప్పుడు రాసినా ఒక ప్రశ్న తప్పక వస్తుంది. "నడవమంటారు, సైకిలు తొక్కమంటారు, బాగానే ఉంది, ఎక్కడ తొక్కాలి డాక్టరు గారూ?" ఈ ప్రశ్నకు నా వద్ద ఏనాడూ సరైన సమాధానం లేదు. అడిగినప్పుడల్లా నాకు ఒక ముఖం గుర్తుకు వస్తుంది.

1980లలో నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు మధుమేహంతో నా వద్దకు వచ్చే ఒక ఉపాధ్యాయుడు ఉండేవారు. వయసు నలభై ఆరు. రోజూ బస్సులో బడికి వెళ్ళే మనిషిని సైకిలు తొక్కమని ఒప్పించింది నేనే. ఐదు నెలల్లో చక్కెర అదుపులోకి వచ్చింది, నడుము చుట్టుకొలత తగ్గింది, మాత్ర సగానికి దించాను. ఆరవ నెలలో ఒక సాయంత్రం రహదారి మీద లారీ తగిలి, నేను డ్యూటీలో ఉన్న అత్యవసర విభాగానికే ఆయనను తీసుకొనివచ్చారు. తలకు దెబ్బ. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఆయన భార్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తరువాత చాలా ఏళ్ళు మందుల చీటీ మీద 'సైకిలు' అన్న మాట రాయడానికి నాకు చేయి ఆడలేదు. 'నడక' అని రాసి ఊరుకొనేవాణ్ణి.

కొంతకాలం క్రిందట మా అమ్మాయి ఇంటికి అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం ఉదయం అల్లుడు గారు రెండు సైకిళ్ళను కారు వెనుక కట్టి, "మామయ్య గారూ, ఇక్కడ మీకు ఒక్క బండి కూడా ఎదురు రాదు" అని పొటోమాక్ నది ఒడ్డున వైట్స్ ఫెర్రీ అనే పాత రేవు వద్ద దింపారు. అక్కడి నుండి ఎగువకు సుమారు 11 కిలోమీటర్లు తొక్కాము. ఎడమ చేతి వైపు నది, కుడి చేతి వైపు చెట్లు మొలిచిన పాత కాలువ గుంట, మధ్యలో పన్నెండు అడుగుల వెడల్పున మట్టి, సన్నకంకర కలిసిన గట్టు. పైన సికమోర్ చెట్ల నీడ. హారన్ లేదు, పొగ లేదు. ఎదురైనవి తాబేళ్ళు, కొంగలు, నాకంటె పెద్ద వయసు దంపతులు ఒకరిద్దరు. డెబ్బై దాటిన నా గుండె నిమిషానికి నూట పది సార్లు కొట్టుకొంటూ ఉన్నా, మనసు మాత్రం ముప్పై ఏళ్ళ తరువాత మొదటిసారి సైకిలు మీద నిశ్చింతగా ఉన్నది.

ఈ తరహా సవారీని ఇప్పుడు 'గ్రావెల్ బైకింగ్' అంటున్నారు. తారు లేని బాటల మీద, కాస్త వెడల్పు టైర్లున్న సైకిలుతో, మోటారు వాహనాలు రాని అడవుల గుండా, నదీలోయల వెంట చేసే ప్రయాణం. పేరు కొత్తదే కాని పని పాతది. గ్రావెల్ రోడ్డు అంటే మన పల్లెల్లో తెలియనిదెవరికి? 1970లలో గోదావరి డెల్టాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ఉద్యోగంలో చేరినప్పుడు, ఊళ్ళకు కలరా టీకాలు వేయడానికి కాలువ గట్ల మీద సైకిలు తొక్కుకొంటూనే వెళ్ళేవాణ్ణి. వెనుక సీటుకు టీకాల పెట్టె కట్టి ఉండేది. అది ఒక క్రీడ అని మాకు తెలియదు.

నేను సైకిలు తొక్కిన ఆ పొటోమాక్ గట్టు సైకిళ్ళ కోసం వేసినది కాదు, మనుషుల కోసం వేసినది కూడా కాదు. కంచరగాడిదల కోసం వేసినది.

1828 జులై 4న అమెరికా అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ వాషింగ్టన్ సమీపంలో ఒక పారతో మట్టి తవ్వి ఛీసపీక్ అండ్ ఒహాయో కాలువ పనిని ప్రారంభించారు. పార మొదటి పోటుకే వేరుకు తగిలింది. మళ్ళీ పొడిచినా దిగలేదు. అధ్యక్షుల వారు కోటు విప్పి పక్కన పెట్టి గట్టిగా పొడిచేసరికి మట్టి పెళ్ళగిల్లింది, జనం హర్షధ్వానాలు చేశారు. పొటోమాక్ పక్కగా కొండల దాకా తవ్వి, కొండలు దాటించి పిట్స్‌బర్గ్ వద్ద ఒహాయో నదికి కలపాలన్నది సంకల్పం. విచిత్రమేమంటే సరిగ్గా అదే రోజున, అరవై కిలోమీటర్ల దూరంలోని బాల్టిమోర్‌లో మరొక పనికి పునాదిరాయి పడింది. అది బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గం. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో అప్పటికి బ్రతికి ఉన్న ఒకే ఒక్కరు, తొంభై ఏళ్ళ చార్లెస్ కారొల్, ఆ రాయి వేశారు. ఒకే రోజు పుట్టిన ఈ ఇద్దరు దాయాదులు ఒకే ఇరుకు లోయలో దారి కోసం న్యాయస్థానాలకు ఎక్కారు. రైలు 1842లో కంబర్లాండ్ పట్టణం చేరింది. కాలువ అక్కడికి చేరేసరికి 1850 అయింది. కొండలు దాటే ఆశ అంతటితో అడుగంటింది. మొత్తం పొడవు 184.5 మైళ్ళు, అంటే సుమారు 297 కిలోమీటర్లు. 605 అడుగుల ఎత్తుపల్లాలను దాటించడానికి 74 లాకులు, ఉపనదుల మీదుగా కాలువను మోసే అక్విడక్టులు 11.

ఆంధ్ర దేశపు పాఠకులకు ఈ తేదీలు చూస్తే ఒక విషయం స్ఫురించాలి. 1847 నుండి 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించారు. ఆ తరువాత వైనతేయ నది మీదుగా కాలువను మోసుకుపోయే గన్నవరం అక్విడక్టు వచ్చింది. కాటన్ కూడా రైళ్ళ కంటె కాలువలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించిన మనిషి. అక్కడా ఇక్కడా రైలే గెలిచింది. తేడా ఏమంటే మన కాలువలు పంటకు నీరిచ్చాయి గనుక బ్రతికాయి. పొటోమాక్ కాలువ కేవలం సరుకు పడవల కోసం పుట్టింది గనుక చచ్చిపోయింది. గట్టు మిగలడానికి అది చావవలసి వచ్చింది.

ఇక వైద్యుడిగా నన్ను ఎక్కువగా కదిలించిన అధ్యాయం 1832వ సంవత్సరం. కాలువ తవ్వినవారిలో అధికులు ఐర్లాండ్ నుండి వచ్చిన పేదలు. ఆ వేసవిలో కలరా అమెరికా ఖండాన్ని మొదటిసారిగా తాకింది. మన బెంగాల్ డెల్టాలో ఎప్పటి నుండో ఉన్న జబ్బు, 1817 తరువాత దేశాలు దాటడం మొదలుపెట్టి, రష్యా, ఐరోపాల మీదుగా వలస ఓడలెక్కి కెనడాలోని క్విబెక్, మాంట్రియల్ రేవులకు చేరింది. అక్కడి నుండి న్యూయార్క్. వేసవి ముగిసేలోగా హార్పర్స్ ఫెర్రీ పరిసరాల్లోని కాలువ పనివాళ్ళ గుడిసెలకు వచ్చింది. ఉదయం పలుగు పట్టినవాడు సాయంత్రానికి శవమయ్యేవాడు. నాలుగు చావులు కళ్ళారా చూసిన మిగతావారు పనిముట్లు అక్కడే పారవేసి నాలుగు దిక్కులకూ పారిపోయారు. జబ్బు అప్పటికే లోపల చేరినవారు ఆ జిల్లా అంతటా దారులలో, పశువుల పాకలలో పడి మరణించారు. పని స్తంభించింది.

వారు త్రాగినది నది నీరు, మలినం కలిసిన గుంటల నీరు. అది తప్పని చెప్పేవారు ఆనాడు లేరు. చెడు గాలి వలన, తిండి వలన, త్రాగుడు వలన వస్తుందని వైద్యులే నమ్మేవారు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయిన రోగికి చేసిన చికిత్స ఏమిటో తెలుసా? నరం కోసి రక్తం తీయడం, పాదరసపు మందు కేలొమెల్ ఇచ్చి మరింత విరేచనం చేయించడం. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో బలంగా చూపింది 1854లో. ఇంకా బాధ కలిగించే సంగతి ఒకటున్నది. ఆ 1832లోనే స్కాట్లాండ్‌లోని లీత్ పట్టణంలో థామస్ లాట్టా అనే వైద్యుడు కలరా రోగుల రక్తనాళాల్లోకి ఉప్పునీరు ఎక్కించి కొందరిని బ్రతికించి, ఆ సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. లోకం పట్టించుకోలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బనగాఁవ్ వద్ద, దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీటిని డ్రమ్ములతో త్రాగించి, నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలను నాలుగు లోపునకు దించారు. ఆ గట్టు మీద నేను సైకిలు తొక్కుతున్నంతసేపు, నా చక్రాల క్రింద ఉన్న మట్టిని మోసిన చేతులకు కావలసినది ఒక చెంబెడు శుభ్రమైన ఉప్పు చక్కెర నీరు మాత్రమే కదా అన్న ఊహ వదలలేదు.

మేము ఆ రోజు మొనోకసీ అక్విడక్టు దాకా వెళ్ళాము. ఏడు కమానుల రాతి కట్టడం, 1833లో పూర్తయింది. 1862లో అంతర్యుద్ధ సమయంలో దక్షిణాది సేనలు దీనిని కూల్చాలని చూసి, రాయి గట్టిదనానికి విసిగి వదిలిపెట్టాయి. 1972 నాటి ఏగ్నెస్ తుపాను వరదకు దెబ్బతిన్నా, తరువాత బాగుచేశారు. అక్కడ కూర్చొని, అమ్మాయి కట్టి ఇచ్చిన పులిహోర తిన్నాము.

కాలువ కథ ముగింపు క్లుప్తంగా చెబుతాను. 1870లు దాని మంచి రోజులు. ఒక్కొక్క పడవ వంద టన్నులకు పైగా బొగ్గు మోసేది, గట్టు మీద కంచరగాడిదలు తాడుతో లాగేవి, పడవ మీదే కాపురం, పిల్లలు గాడిదల వెంట నడిచేవారు. 1889 వరద దివాలా తీయించింది. అప్పులవాడి హోదాలో పాత దాయాది రైలు కంపెనీయే దానిని అదుపులోకి తీసుకొన్నది. 1924 వరదతో పడవలు పూర్తిగా ఆగిపోయాయి. 1938లో కేంద్ర ప్రభుత్వం ఇరవై లక్షల డాలర్లకు కొన్నది. నిరుద్యోగ యువకుల కోసం పెట్టిన ప్రభుత్వ దళాల్లోని నల్లజాతి యువకులు దిగువ 22 మైళ్ళను బాగుచేశారు. మిగిలినది ముళ్ళపొదలు.

ఆ పొదల మీద తారు పరిచి కార్లు పరుగెత్తే రహదారి వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక దానిని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. అప్పుడు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ ఆ పత్రికకు ఒక బహిరంగ లేఖ రాశారు. మీ సంపాదకుడు నాతో కలిసి ఈ గట్టు మీద మొత్తం దూరం నడవాలి, నడిచిన తరువాత ఏమి రాస్తారో చూద్దాం అన్నది దాని సారాంశం. న్యాయమూర్తి పదవిలో ఉన్న మనిషి ఇలా వీధిలోకి రావడం తగునా అని మన దేశంలోనైతే పెద్ద చర్చ జరిగేది. ఇద్దరు సంపాదకులు, మెర్లో ప్యూసీ, రాబర్ట్ ఎస్టాబ్రూక్, సవాలు స్వీకరించారు. మార్చి 20న కంబర్లాండ్ వద్ద యాభై మందికి పైగా బయలుదేరారు. ఎనిమిది రోజులు. మంచు, వాన, బొబ్బలెక్కిన పాదాలు. సంపాదకులిద్దరూ మొత్తం దూరం నడవలేకపోయారు. ఆద్యంతం నడిచినవారు తొమ్మిదిమంది, వారిలో యాభై ఐదేళ్ళ డగ్లస్ ఒకరు, ప్రకృతి శాస్త్రవేత్త ఓలాస్ మ్యూరీ మరొకరు. నడక ముగిసిన కొద్ది రోజులకే పత్రిక తన అభిప్రాయాన్ని చాలావరకు మార్చుకొన్నది.

డగ్లస్ గురించి ఒక మాట. చిన్ననాడు తీవ్రంగా జబ్బుపడి కాళ్ళు సన్నబడితే, వాషింగ్టన్ రాష్ట్రంలోని యకిమా కొండలెక్కి వాటిని బలపరచుకొన్నానని ఆయన రాసుకొన్నారు. అది పోలియో అన్నారు. తరువాతి జీవితచరిత్రకారుడు పోలియో సంగతిని సందేహించారు. జబ్బు పేరు ఏదైనా, బలహీనమైన కాళ్ళకు నడకే వైద్యమని నమ్మిన మనిషి ఆ నమ్మకంతోనే 297 కిలోమీటర్ల బాటను కాపాడడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఆ నడకకు ముందటి ఏడాది, 1953లో, లండన్ వైద్యుడు జెరీ మారిస్ లాన్సెట్‌లో ఒక పరిశీలన ప్రకటించారు. లండన్ రెండంతస్తుల బస్సులలో రోజంతా కూర్చొని ఉండే డ్రైవర్ల కంటె, మెట్లెక్కుతూ దిగుతూ టిక్కెట్లు ఇచ్చే కండక్టర్లకు గుండెపోట్లు తక్కువని. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే కంపెనీ, దాదాపు ఒకే జీతం. తేడా కాళ్ళ కదలికలో. వ్యాయామానికీ గుండెకూ గల సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి గట్టి రుజువు ఇదే. మారిస్ గారు తొంభై తొమ్మిదేళ్ళు బ్రతికారన్నది అదనపు సమాచారం.

1955 సెప్టెంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. చికిత్సకు బోస్టన్ నుండి పిలిపించిన హృద్రోగ నిపుణుడు పాల్ డడ్లీ వైట్. గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగరాదన్నది ఆనాటి శాస్త్రం. 1970లలో మేము చదువుకొనేనాటికి కూడా మా వార్డుల్లో మూడు వారాల పడక సామాన్యం. రోగి తానే పక్కకు తిరిగితే నర్సు కోప్పడేది. వైట్ మాత్రం రోగిని త్వరగా లేపి కూర్చోబెట్టి, క్రమంగా పనిలో పెట్టాలన్న పక్షాన నిలిచారు. ఐసెన్‌హోవర్ మరుసటి ఏడాది మళ్ళీ ఎన్నికలలో గెలిచారు. వైట్ స్వయంగా సైకిలు తొక్కేవారు, తొక్కడానికి ప్రత్యేక బాటలు వేయమని పట్టణాధికారులను పోరేవారు. బోస్టన్‌లో చార్లెస్ నది ఒడ్డున ఉన్న సైకిలు బాటకు ఆయన పేరే పెట్టారు. ఆ ఐసెన్‌హోవరే 1961 జనవరిలో, పదవి దిగడానికి రెండు రోజుల ముందు, పొటోమాక్ కాలువను జాతీయ స్మారకంగా ప్రకటించారు. రెండింటికీ కార్యకారణ సంబంధం అంటగట్టను. కాని వైద్య చరిత్ర చదివేవారికి ఇలాంటి కలయికలు తియ్యగా ఉంటాయి. 1971 జనవరి 8న అది జాతీయ చారిత్రక ఉద్యానమయింది. 1977లో దానిని డగ్లస్‌కు అంకితం చేశారు.

ఇంతలో కాలువను చంపిన రైళ్ళకూ కాలం చెల్లడం మొదలయింది. 1916లో అమెరికాలో రెండున్నర లక్షల మైళ్ళకు పైగా పట్టాలుండేవి. లారీలు, రహదారులు పెరిగిన కొద్దీ మార్గాలు మూతపడ్డాయి. 1963లో షికాగో పరిసరాల్లో మే వాట్స్ అనే వృక్షశాస్త్ర ఉపాధ్యాయురాలు, మూతపడిన ఒక రైలుమార్గాన్ని కాలిబాటగా మార్చమని పత్రికకు లేఖ రాశారు. చూశారా, ఇక్కడా ఒక లేఖే. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్ నుండి స్పార్టా వరకు 32 మైళ్ళ పాత రైలుదారి 1967లో సైకిలు బాటగా తెరుచుకొన్నది. రైలు ఎక్కలేనంత ఏటవాలు ఎక్కడా ఉండదు గనుక, ముసలివారికీ పిల్లలకూ ఇంతకంటె అనువైన దారి ఉండదు. సొరంగాలు, వంతెనలు ముందే సిద్ధం. సన్నకంకర పరిస్తే చాలు.

కంబర్లాండ్ నుండి పశ్చిమానికి వెళ్ళే వెస్టర్న్ మేరీల్యాండ్ రైలుమార్గం 1975లో మూతపడింది. స్థానిక స్వచ్ఛంద బృందాలు ముక్కముక్కగా దానిని బాటగా మార్చాయి. మొదటి ముక్క 1986లో ఒహాయోపైల్ అనే అటవీ గ్రామం వద్ద, తొమ్మిది మైళ్ళు. చివరి ముక్క 2013లో. పేరు గ్రేట్ అలెఘెనీ ప్యాసేజ్, పొడవు 150 మైళ్ళు. 2,392 అడుగుల ఎత్తున తూర్పు జలవిభాజకాన్ని దాటినా వాలు రెండు శాతానికి మించదు. మూడు వేల అడుగులకు పైగా పొడవున్న బిగ్ శావేజ్ సొరంగాన్ని చలికాలంలో మంచు వలన మూసివేస్తారు. ఆ బాట ఎక్కడ ముగుస్తుందో తెలుసా? పిట్స్‌బర్గ్‌లో, ఒహాయో నది పుట్టే సంగమం వద్ద. 1828లో ఆడమ్స్ పార పట్టి వెళ్ళాలనుకొన్న చోటికి, 185 ఏళ్ళ తరువాత సైకిళ్ళు చేరాయి.

మన సంగతి అడుగుతారని తెలుసు. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో తెరిచారు. మంచి పనే, కాని రహదారి చప్పుడు చెవిలోనే ఉంటుంది. నల్లమలలో చెలమ, బొగద మధ్య గేజి మార్పిడి తరువాత వదిలివేసిన పాత మీటరు గేజి దారి, దొరబావి వంతెన ఉన్నచోటును చూసి కొందరు యువ మిత్రులు ఉత్సాహపడుతున్నారు. అది పులులు తిరిగే అడవి. అక్కడ సైకిళ్ళు వద్దనే నా అభిప్రాయం. కాలువ గట్లు వేరు. డెల్టాలో ఇప్పటికే ఉన్న గట్లను ఆక్రమణల నుండి, చెత్త కుప్పల నుండి, ట్రాక్టర్ల నుండి కాపాడితే కొత్తగా కట్టవలసినది తక్కువ. నీటిపారుదల శాఖ వారికి తనిఖీ దారి, ఊరివారికి నడక దారి. గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు, మోకాళ్ళ నొప్పులున్నవారు తమ వైద్యుణ్ణి అడిగి, చదును నేల మీద పది నిమిషాలతో మొదలుపెట్టండి. మాట్లాడుతూ తొక్కగలిగే వేగం దాటవద్దు.

తిరిగి వచ్చే ముందు అల్లుడు గారు మరొక రోజు నన్ను పా పా సొరంగానికి తీసుకువెళ్ళారు. కాలువ కోసం కొండలో 3,118 అడుగులు తవ్వినది. రెండేళ్ళలో పూర్తి చేస్తానని గుత్తేదారు 1836లో మొదలుపెట్టారు; పద్నాలుగేళ్ళు పట్టింది. లోపల చీకటి, ఇటుకల నుండి నీటి బొట్లు. దీపం పట్టుకొని, సైకిళ్ళు నడిపించుకొంటూ గట్టు వెంట వెళ్ళాము. నీటి వైపున కొయ్య కమ్మీ ఉన్నది. దాని మీద చేయి వేస్తే వేళ్ళకు గాడులు తగిలాయి. కంచరగాడిదలు లాగిన తాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుసుకొని పడిన గాడులవి. మా ఊరి లాకు రాతి అంచు మీద ఇలాంటివే ఉండేవి. చిన్నప్పుడు వాటిలో గోలీలు దొర్లించేవాళ్ళం. మా ఊళ్ళో ఆ తాళ్ళను లాగినవారు మనుషులు.